ఆ తర్వాత వాళ్ళేమయ్యారు?

ఆదివారం సాయంత్రం విశాఖపట్నం బీచ్ రోడ్డులో కాళీమాత గుడి ఎదురుగా గట్టు మీద కూర్చుని, మురీ మిక్చర్ పొట్లాలు చేతబట్టుకుని మేము ఎక్కువగా మాట్లాడుకునేది సీరియళ్ళ గురించే. మేము అంటే నేను, గోపాలపట్నంలో ఉండే మా అక్క, స్టీల్ ప్లాంటులో పనిచేసే మా బావ, మధురవాడ వైపు ఇంజనీరింగు చదువుకుంటున్న మేనల్లుడు, ఎప్పుడైనా తోడు వచ్చే మా అపార్ట్‌మెంటులోని రిటైరైన లెక్కల మాస్టారు. ఐదుగురివీ ఐదు రుచులు. అయినా కొంతకాలంగా మా మాటలన్నీ ఒకే చోటికి వచ్చి ఆగుతున్నాయి. ఇదివరకే చూసిన సీరియల్ మళ్ళీ చూస్తే అందులో ఏది నిలుస్తోంది, ఏది రాలిపోతోంది, రాబోయే సీజన్ మనకు ఏమి బాకీ ఉంది అన్నదే ఆ చోటు. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఒకటి ఏర్పడింది. అది నాకు మా అక్క వల్ల కలిగింది.

హిందీ వెబ్ సీరియల్ ‘ది ఫ్యామిలీ మ్యాన్’ మొదటి సీజన్ 2019 సెప్టెంబరు 20న వచ్చింది. తీసిన రాజ్ నిడిమోరు, కృష్ణ డీకే ఇద్దరూ తిరుపతి ఎస్.వి. యూనివర్సిటీలో చదువుకున్నవారని తెలిసి మా ఇంట్లో దాని మీద మొదటి నుంచీ ఒక అభిమానం ఉండేది. ఆ ఏడు దసరా సెలవుల్లో 10 భాగాలూ అందరం కలిసే చూశాం. మా బావకు మనోజ్ బాజ్‌పాయ్ వేసిన గూఢచారి శ్రీకాంత్ తివారీ కన్నా అతని ఇల్లు నచ్చింది. దేశాన్ని కాపాడే మనిషి ఇంటి లోను గురించి, పిల్లల స్కూలు గురించి భార్యతో మాట పడడం తాను ఎక్కడా చూడలేదని అనేవాడు. ఆ సీజన్ చివరి భాగం ఢిల్లీలో ఒక రసాయన కర్మాగారం దగ్గర ఆగిపోతుంది. లోపల పీడనం పెరిగిపోతూ ఉంటుంది, శ్రీకాంత్ జట్టులోని మిలింద్, జోయా గాయపడి అక్కడ చిక్కుకుని ఉంటారు, గ్యాసు బయటికి వచ్చిందో లేదో తేల్చకుండానే తెర చీకటైపోతుంది. ఆ రాత్రి మేమంతా లేచి నిలబడి కేకలు పెట్టినంత పని చేశాం. ఎంత బాగా ఆపారో అని నేనే అన్నాను. ఆ మాట ఇప్పుడు అనలేను.

ఎందుకంటే ఏడు నెలలు తిరిగేసరికి, 2020 మే 7 తెల్లవారుజామున, లాక్‌డౌన్ నిశ్శబ్దంలో ఊరంతా నిద్రపోతున్నప్పుడు, ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ఒక కర్మాగారం ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి చుట్టుపక్కల ఇళ్ళ మీదికి వచ్చింది. 12 మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. బావ ఆ రాత్రి సి షిఫ్టులో ఉన్నాడు. పది చదువుతున్న కొడుకును పట్టుకుని, తడి తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, చెప్పులు కూడా లేకుండా మా అక్క మర్రిపాలెంలోని మా ఇంటి వైపు నడిచి వచ్చింది. ప్లాస్టిక్ లాంటి ఒక తియ్యటి వాసన ఆ తువ్వాలును ఎన్నిసార్లు ఉతికినా పోలేదని చెప్పి చివరికి దాన్ని పారేసింది. వెంకటాపురం నుంచి రోజూ ఆ వీధికి పాలు తెచ్చే ఆవిడకు ఆ రాత్రి గేదె పోయింది. ఆవిడ మళ్ళీ ఆ వీధికి రాలేదు. ఆవిడ ఏమైందో, ఎక్కడుందో అని అక్క చాలాకాలం వచ్చేపోయే వాళ్ళందరినీ అడిగేది.

రెండో సీజన్ 2021 జూన్ 4న వస్తోందంటే, కథ గుర్తు తెచ్చుకోవడానికి మొదటి సీజన్ మళ్ళీ పెట్టాం. తొమ్మిది భాగాలు మామూలుగానే సాగాయి. పదోది మొదలయ్యాక, కర్మాగారం లోపల గొట్టాలు, మీటర్లు కనిపించే సన్నివేశంలో అక్క గిన్నెలు కడగాలని చెప్పి లేచిపోయింది. వంటింట్లో కుళాయి నీళ్ళ చప్పుడు లేదు. నేను వెళ్ళి చూస్తే స్టవ్ దగ్గర గోడకు ఆనుకుని నిలబడి ఉంది. మొదటిసారి మేము మెచ్చుకున్న ఆ ముగింపే రెండోసారి మా ఇంట్లో ఎవరికీ మింగుడు పడలేదు. సీరియల్‌లో ఒక్క ఫ్రేము కూడా మారలేదు, మధ్యలో మా బతుకుల్లోకి ఆ తెల్లవారుజాము వచ్చింది, అంతే.

అక్కడి నుంచి అక్క ప్రశ్నే నా ప్రశ్న అయిపోయింది. గ్యాసు వచ్చిందా లేదా అన్నది ఒక రాత్రి ఉత్కంఠ, ఆ రాత్రి గడిచిపోతే అది తీరిపోతుంది. ఆ కర్మాగారం గోడ పక్కన ఉన్నవాళ్ళు ఆ తర్వాత ఏమయ్యారు అన్నది మాత్రం ఎన్నిసార్లు చూసినా మిగిలే ప్రశ్న. ఒక సీజన్ చివర పెద్ద ఘోరం జరిగితే, తర్వాతి సీజన్ ఆ ఘోరం బరువును మోయాలి. మోసిన సీరియళ్ళను మళ్ళీ చూడగలం. మోయని వాటిని ఎంత గొప్పగా తీసినా రెండోసారి చూస్తుంటే డొల్లగా అనిపిస్తాయి.

ఈ కొలతతో చూస్తే ‘ఫ్యామిలీ మ్యాన్’ రెండో సీజన్‌కు సగం మార్కులే వేస్తాను. శ్రీకాంత్ ఉద్యోగం మానేసి ఐటీ కంపెనీలో చేరడం, తాను బతికి బయటపడ్డందుకు మిలింద్ లోలోపల కుంగిపోవడం, జోయా చక్రాల కుర్చీలో ఉండడం చూపించారు. ఆ సన్నివేశాలు కొద్దిసేపే అయినా నిజాయితీగా ఉన్నాయి. కానీ ఆ చుట్టుపక్కల జనం గురించి దాదాపు ఏమీ లేదు. “ఏటిరా, అంతేనా? వాళ్ళ ఊసే లేదు,” అని అక్క అన్నప్పుడు మా దగ్గర జవాబు లేదు. ఆ సీజన్ వచ్చిన కొత్తలో మా ఆఫీసులో అందరూ చెల్లం సార్ గురించే మాట్లాడుకున్నారు. అడిగిన వెంటనే ఏ సమాచారమైనా ఇచ్చేసే ఆ ముసలాయన ఫొటోలతో ఫోన్లు నిండిపోయాయి. మళ్ళీ చూసినప్పుడు ఆ సరదా తొందరగా తరిగిపోయింది. సమంత వేసిన తమిళ తిరుగుబాటుదారు రాజీ పాత్ర మాత్రం రెండోసారి మరింత బరువుగా తోచింది. ఆమె ఎక్కువ మాట్లాడదు. ఆమెకు జరిగినదంతా ఆమె నడకలోనే కనిపిస్తుంది. జరిగినది మనిషిని వదలదని తెలిసిన రచన అది.

మాస్టారు ఈ చర్చలోకి రామాయణం తెచ్చారు. రామానంద్ సాగర్ ‘రామాయణ్’ 1987 జనవరి 25 నుంచి 1988 జూలై 31 వరకు దూరదర్శన్‌లో ఆదివారం ఉదయాల్లో 78 భాగాలుగా వచ్చింది. లాక్‌డౌన్‌లో 2020 మార్చి 28 నుంచి దాన్నే మళ్ళీ వేశారు. ఆ ఏప్రిల్ 16న ఒక్కరోజే 7.7 కోట్ల మంది చూశారని దూరదర్శన్ ప్రకటించింది. ఆయన రెండుసార్లూ పూర్తిగా చూశారు. మొదటిసారి హిందీ సగం సగమే అర్థమైనా ఒక్క వారం కూడా వదల్లేదట. “కథ తెలియని వాడు దేశంలో ఒక్కడు లేడు. రావణుడు చస్తాడని తెలిసే కదా కూర్చున్నాం! తర్వాత ఏమవుతుందో తెలియకపోవడమే పెద్ద ఆకర్షణ అని ఎవరన్నారు మీకు?” అని మా మేనల్లుడిని నిలదీశారు. మాస్టారి మాటలో నాకు నచ్చింది ఇంకోటి ఉంది. మొదటిసారి యుద్ధకాండ కోసం ఎదురుచూశారట. రెండోసారి దశరథుడు పోయిన తర్వాత భరతుడు తిరిగి వచ్చి ఖాళీ ఇంట్లో నిలబడే చోట ఆగిపోయారట. ఆయన శ్రీమతి అంతకు ముందు ఏడాదే కాలం చేశారు. ఆయన ఆ సంగతి చెప్పలేదు, మాకు తెలుసు.

మేనల్లుడు తేలిగ్గా ఒప్పుకునే రకం కాదు. “ఆపడంలో తప్పేం లేదు మామయ్యా, ఎక్కడికి వెళ్తున్నారో తెలిసి ఆపాలి,” అని వాడి వాదన. దానికి వాడు చూపించే సాక్ష్యం జర్మన్ సీరియల్ ‘డార్క్’. 2017లో మొదలై మూడు సీజన్లు, 26 భాగాల్లో ముగిసిపోయింది. 33 ఏళ్ళకొకసారి తిరిగే కాలచక్రం, ఒక చిన్న ఊరు, నాలుగు కుటుంబాలు, ఒకే మనిషి మూడు వయసుల్లో మూడు కాలాల్లో తిరగడం. మొదటిసారి చూసినప్పుడు ఎవరు ఎవరికి ఏమవుతారో అర్థంకాక, వాడు చార్టు పేపరు మీద స్కెచ్ పెన్నులతో వంశవృక్షం గీసి బీరువా తలుపుకు అతికించాడు. అందులో ఒక ఆడమనిషి పేరు నుంచి బయలుదేరిన ఎర్ర గీత చుట్టూ తిరిగి మళ్ళీ ఆమె దగ్గరికే వస్తుంది. అక్క బట్టలు తీసుకున్నప్పుడల్లా ఆ గీత చూసి విసుక్కునేది. కథలో ప్రళయం వచ్చే రోజు 2020 జూన్ 27. మూడో సీజన్‌ను సరిగ్గా ఆ తేదీనే విడుదల చేశారు. ఇంత ముందుచూపుతో చేసినవాళ్ళు ఎక్కడ ఆపినా నమ్మకంతో ఎదురుచూస్తానని, రెండోసారి చూస్తుంటే మొదటి భాగంలోనే చివరి భాగం కనిపిస్తుందని వాడంటాడు. ఈ మాటలో న్యాయం ఉంది. అందుకు నా మాటను కొంచెం సవరించుకున్నాను. ఆపిన చోట ఏ మనిషిని వదిలారో మర్చిపోకుండా తిరిగి అక్కడికే వస్తే, ఎక్కడ ఆపినా నాకు అభ్యంతరం లేదు.

విచిత్రం ఏమిటంటే ఇంగ్లీషు సీరియల్ ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ విషయంలో వాడే నా వైపు వచ్చేశాడు. 8 సీజన్లు, 73 భాగాలు వాడు రెండుసార్లు చూశాడు. మూడోసారి చివరి సీజన్ ముందు ఆపేశాడు. 2019 మే నెలలో అది ముగిసినప్పుడు అభిమానుల్లో రేగిన కోపం ఎక్కువగా రాణి డేనేరిస్ మనసు మారడం తొందరగా జరిగిందన్న దాని మీదే. మావాడి ఫిర్యాదు వేరు. గంటలు మోగి ఊరు లొంగిపోయాక కూడా ఆమె డ్రాగన్ మీద నుంచి నగరాన్ని తగలబెడుతుంది. మిగిలింది ఒక్కటే భాగం. అందులో ఆమె సలహాదారు టిరియన్ బూడిదలో నడిచే కాసేపు తప్ప, మిగతా గొడవంతా సింహాసనం ఎవరిది అన్నదే. “అన్ని వీధులు కాలిపోతే అందులో బతికినవాళ్ళు ఒక్కరైనా నోరు విప్పరా?” అన్నాడు. ఐదేళ్ళ కింద తడి తువ్వాలు పట్టుకుని చీకట్లో నడిచిన పిల్లాడే ఈ మాట అంటున్నాడని మా బావకు తోచింది కాబోలు, మెల్లగా వాడి వీపు మీద చెయ్యి వేశాడు.

అదే ప్రపంచానికి చెందిన ‘హౌస్ ఆఫ్ ద డ్రాగన్’ రెండో సీజన్ 2024 ఆగస్టులో 8 భాగాలతో ముగిసింది. సైన్యాలన్నీ బయలుదేరి ఉంటాయి, ఓడలు తెరచాపలు ఎత్తి ఉంటాయి, యుద్ధం మాత్రం మూడో సీజన్‌కు వాయిదా. రెండేళ్ళు ఆగాలంటే అభిమానులకు కోపం రావడం సహజమే. నాకు ఆ యుద్ధం మీద ఆత్రం లేదు. మొదటి సీజన్ చివర ఆకాశంలో చనిపోయిన ఆ చిన్నవాడు లూసెరిస్ గుర్తు, తల్లి రెనీరా నడతలో మూడో సీజన్‌లోనూ ఉంటుందా అన్నదే చూస్తాను.

బరువు మోయడం అంటే ఏమిటో బాగా తెలిసిన సీరియల్ హిందీ ‘పంచాయత్’. 2020లో మొదలైన సరదా పల్లెటూరి కథ అది. రెండో సీజన్ చివర ఊరి ఉపసర్పంచి ప్రహ్లాద్‌కు సైన్యంలో ఉన్న కొడుకు శవమై ఇంటికి వస్తాడు. రెండేళ్ళకు 2024లో మూడో సీజన్ వస్తే మళ్ళీ నవ్వులు మొదలుపెట్టేసి ఉంటారని అనుకున్నాను. ప్రహ్లాద్ ముఖం మారలేదు. ఊరంతా ఎవరి పనుల్లో వాళ్ళుంటే ఆయన ఒక్కడే ఆ రోజులోనే ఉండిపోయాడు. ఫైసల్ మలిక్ ఆ పాత్రను చేసిన తీరుకు మా అక్క చేతులెత్తి దణ్ణం పెట్టింది. నాలుగో సీజన్‌లో ఎన్నికల రాజకీయాలు ఎక్కువై పాత రుచి తగ్గిందని అభిమానులు కొందరంటారు, నాదీ అదే మాట. అయినా ఐదోది వస్తే ఆయన కోసమే చూస్తాం. తెలుగులో దీన్నే ‘సివరపల్లి’ పేరుతో 2025 జనవరిలో 8 భాగాలుగా తీశారు. తెలంగాణ పల్లె మాట, రాగ్ మయూర్ నటన ఇంట్లో అందరికీ నచ్చాయి. అది ముందుకు సాగి ఆ తండ్రి దాకా వస్తే, అక్కడ తెలుగువాళ్ళ దుఃఖం ఎలా ఉంటుందో చూపించే అవకాశం వాళ్ళ చేతుల్లో ఉంది.

ఇంత చెప్పాక ‘అమృతం’ గురించి చెప్పకపోతే నా కొలత అబద్ధమవుతుంది. గుణ్ణం గంగరాజు గారి ఆ సీరియల్ జెమినీ టీవీలో 2001 నవంబరు 18న మొదలై, సరిగ్గా ఆరేళ్ళకు 2007 నవంబరు 18న 313 భాగాలతో ముగిసింది. అందులో దేని బరువూ తర్వాతి వారానికి రాదు. అమృతరావు, ఆంజనేయులు ఏదో ఒక పథకం వేస్తారు, అది బోల్తా కొడుతుంది, ఇంటి ఓనరు అప్పాజీ చివాట్లు పెడతాడు, వచ్చే ఆదివారానికి అమృత విలాస్ హోటల్లో సర్వరు సర్వం యథాప్రకారం టేబుళ్ళు తుడుస్తూ ఉంటాడు. నా లెక్క ప్రకారం ఇది రెండోసారి చూడలేనిది కావాలి. మా ఇంట్లో దాన్ని చూసినన్నిసార్లు ఇంకేదీ చూడలేదు.

మే 7 తర్వాత నెలన్నర పాటు అక్కకు రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు. మూడు గంటలకు లేచి కూర్చునేది, కిటికీలు వేసి ఉన్నాయో లేదో చూసుకునేది. అప్పుడు వాళ్ళబ్బాయి ఫోన్లో యూట్యూబ్ తెరిచి ‘అమృతం’ పెట్టి, ఫోన్‌ని మంచినీళ్ళ చెంబుకు ఆనించి నిలబెట్టేవాడు. అనకాపల్లిలో చదువుకున్న సిరివెన్నెల గారు రాసిన దాని టైటిల్ పాట, కళ్యాణి మాలిక్ బాణీలో, చీకటి గదిలో చిన్నగా మోగేది. ఆమె నవ్వేది కాదు, చూస్తూ ఉండేది. ఒకరోజు అడిగితే, “ఇందులో ఎవరికీ ఏమీ అవదురా, అరగంటలో అందరూ ఇంటికి వచ్చేస్తారు,” అంది. ఏ ఘోరమూ జరగని లోకం కాబట్టి దానికి మోయాల్సిన బరువే లేదు. నా కొలత అక్కడ వర్తించదని అప్పుడు అర్థమైంది.

ఆ సీరియల్ అభిమానుల్లో ఎడతెగని తగవు అమృతరావు వేషం వేసిన ముగ్గురిలో ఎవరు బాగున్నారని. శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్. బావ ఓటు నరేష్ గారికి, మాస్టారి ఓటు శివాజీరాజా గారికి. నాకు హర్షవర్ధన్ గారి అమాయకపు మొండితనమే ఇష్టం. మళ్ళీ మళ్ళీ చూశాక తేలిందేమిటంటే అమృతరావులు ఎందరు మారినా ఆ ఇంటికి నిట్రాట ఆంజనేయులు వేసిన గుండు హనుమంతరావు గారే. ఆయన 2018 ఫిబ్రవరిలో పోయారు. 2020 ఉగాదికి ‘అమృతం ద్వితీయం’ వచ్చినప్పుడు ఆ పాత్రను ఎల్.బి. శ్రీరామ్ గారు చేశారు. ఆయన గొప్ప నటుడు, ఆయన తప్పు ఏమీ లేదు. కానీ మాకు ప్రతి సన్నివేశంలో ఒక కుర్చీ ఖాళీగా కనిపించింది. కొత్త భాగాలు నాలుగు చూసి పాతవాటికే తిరిగి వెళ్ళిపోయాం.

‘ఫ్యామిలీ మ్యాన్’ మూడో సీజన్ నాలుగేళ్ళ ఐదు నెలల తర్వాత, 2025 నవంబరు 21న, శుక్రవారం నాడు వచ్చింది. ఆదివారం బీచికి వచ్చేసరికి మేనల్లుడు 7 భాగాలూ ముగించేశాడు. నాగాలాండ్ గురించి, జైదీప్ అహ్లావత్ వేసిన విలన్ రుక్మా గురించి, ఇదే దర్శకుల ఇంకో సీరియల్ ‘ఫర్జీ’ లోని మైకేల్‌గా విజయ్ సేతుపతి కనిపించడం గురించి ఊపిరి తిప్పుకోకుండా చెప్పబోతుంటే అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

“కథ చెప్పకు గానీ, ఆ చక్రాల కుర్చీలో అమ్మాయి లేచి నడుస్తోందా?”

“జోయానా? నడుస్తోందమ్మా. డ్యూటీలోనే ఉంది.”

“అయితే చూస్తాను,” అంది.

ఆ వారంలో బావ బి షిఫ్టు ముగించుకుని ఇల్లు చేరాక, రాత్రి పదకొండు దాటిన తర్వాత రోజుకు రెండేసి భాగాలు చూశారు. చివరి రాత్రి నేనూ వెళ్ళాను. రుక్మా పాత్ర మా అందరికీ నచ్చింది. ప్రేమించిన మనిషి పోయిన తర్వాత ఆమె కొడుకు బాధ్యత అతని మీద పడ్డ తీరులో నాకు కావలసిన బరువు ఉంది. గాయపడిన శ్రీకాంత్ కుప్పకూలిన చోట సీజన్ ఆగిపోయింది. ఎన్నో ఏళ్ళు ఎదురుచూస్తే మళ్ళీ ఇలాగే మధ్యలో వదిలేశారని మా ఆఫీసులో అందరికీ ఒకటే కోపం, మేనల్లుడి స్నేహితులదీ అదే బాధ. నేనూ నిట్టూర్చాను. అక్క రిమోటు తీసుకుని టీవీ ఆపింది, పొట్లంలో మిగిలిన జంతికలు డబ్బాలో వేసి మూత పెట్టింది.

“నాలుగోది మొదలెట్టేసరికి ఆరు నెలలు గడిచాయని ఒక్క ముక్క వేసేసి, ఆయన్ని పరిగెత్తించేస్తారేమో చూడు. ఆ కట్టు ఎవరు కట్టారో, ఇంట్లో ఆ పిల్లలు ఎన్ని రాత్రులు మేలుకున్నారో చూపిస్తేనే నేను కూర్చుంటాను,” అంది.